నోట్లు పంచుకున్నారు, లెక్క తెగలేదు: స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ పుట్టుక

1947 ఆగస్టు 15న కరాచీ బజారులో ఎవరైనా పది రూపాయల నోటు తీస్తే దాని మీద ఆరో జార్జి బొమ్మ, రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా పేరు, గవర్నర్ సంతకం కనిపించేవి. దేశం కొత్తది, జెండా కొత్తది. డబ్బు మాత్రం బొంబాయి కేంద్రంగా నడిచే పాత బ్యాంకుదే. దాన్నుంచి విడివడి పాకిస్తాన్ తన సొంత కేంద్ర బ్యాంకు తెరిచింది 1948 జూలై 1న. మధ్యలో పదిన్నర నెలలు. చట్టం రాయడానికో, భవనం వెతకడానికో అంత కాలం పట్టలేదు. చేతులు మారాల్సినవి అప్పులూ, వాటికి వెనక దన్నుగా ఉన్న ఆస్తులూ. ఆ రెండోది ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఎందుకు కాలేదో తెలియాలంటే నోటు అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. నోటు దాన్ని పట్టుకున్నవారికి ఆస్తి, జారీ చేసిన బ్యాంకుకు అప్పు. అప్పటి రిజర్వ్ బ్యాంకు చట్టం ప్రకారం జారీ విభాగం, బ్యాంకింగ్ విభాగం అని రెండు వేర్వేరు పద్దులు ఉండేవి. జారీ విభాగంలో ఒకవైపు చలామణీలో ఉన్న మొత్తం నోట్లు, రెండోవైపు సరిగ్గా అంతే విలువకు బంగారం, స్టెర్లింగ్ సెక్యూరిటీలు (బ్రిటిష్ పౌండ్లలో ఉన్న అప్పు పత్రాలు), రూపాయి నాణేలు, భారత ప్రభుత్వ బాండ్లు. ఈ ఆస్తుల్లో ఐదింట రెండు వంతులు బంగారం, స్టెర్లింగ్ రూపంలో ఉండాలి. అందులో బంగారం 40 కోట్ల రూపాయలకు తగ్గకూడదు. కాబట్టి కొత్త దేశంలో కొంత నోటు తిరుగుతోందంటే, ఆ మేరకు అప్పును కొత్త బ్యాంకు నెత్తిన వేసుకోవాలి, అంతే విలువైన ఆస్తిని పాత బ్యాంకు ఇవ్వాలి. ఆస్తి రాకుండా అప్పు ఒక్కటే వస్తే కొత్త బ్యాంకు పుట్టుకతోనే దివాలా. అప్పు వదలకుండా ఆస్తి ఒక్కటే పోతే పాత బ్యాంకుకు అదే గతి.

1947 జూన్ 3న విభజన ప్రకటన వెలువడింది. ఆగస్టు 15కు మిగిలింది పది వారాలు. అంతలో సొంత నోటు సాధ్యం కాదని రెండు పక్షాలకూ తెలుసు. నోటుకు బొమ్మ గీయాలి, ప్లేటు చెక్కాలి, నీటిగుర్తు ఉన్న కాగితం తయారు చేయించాలి, అచ్చు వేసి వరుస నంబర్లు కొట్టాలి, ఓడ ఎక్కించాలి, దించాక ఊరూరా ఖజానాలకు చేర్చాలి. పైగా మొదటి రోజుకే చలామణీకి సరిపడా నోట్లతో పాటు చిరిగినవి మార్చడానికి అదనపు నిల్వ కూడా ఉండాలి. ఇవన్నీ నెలల పని.

అందుకే 1947 ఆగస్టు 14న జారీ అయిన ద్రవ్య వ్యవస్థ ఉత్తర్వు మెట్లుమెట్లుగా దారి వేసింది. 1948 సెప్టెంబర్ 30 వరకు రెండు దేశాలకూ రిజర్వ్ బ్యాంకే కేంద్ర బ్యాంకు. 1948 మార్చి 31 దాకా పాకిస్తాన్‌లో మామూలు భారత నోట్లే. ఏప్రిల్ 1 నుంచి అవే నోట్ల మీద పాకిస్తాన్ ప్రభుత్వం అని అదనంగా ముద్రించి, పాకిస్తాన్‌లో మాత్రమే చెల్లేలా ఇవ్వడం. అక్టోబర్ 1 నుంచి పూర్తిగా వేరు కాపురం. ఈ పద్ధతికి ముందే ఒక నమూనా ఉంది. 1937లో బర్మా విడిపోయినప్పుడు కూడా రిజర్వ్ బ్యాంకే అక్కడి నోట్ల పనీ చూసింది, బర్మాలో మాత్రమే చెల్లుతాయని భారత నోట్ల మీద అచ్చు కొట్టింది. అయితే బర్మా విడిపోయినప్పుడు రెండు చోట్లా పాలకుడు ఒక్కడే. 1947లో ఒకరినొకరు నమ్మని రెండు ప్రభుత్వాలున్నాయి. ఆ తేడాను ఉత్తర్వు రాసినవారు తక్కువగా అంచనా వేశారనే చెప్పాలి.

అదనపు ముద్రణ నాసిక్ ప్రెస్‌లో జరిగింది. నోటు ముందువైపు ఇంగ్లీషులో ఒకటి, ఉర్దూలో హుకూమతె పాకిస్తాన్ అని మరొకటి. ఒకటి, రెండు, ఐదు, పది, వంద రూపాయల నోట్లు ఇలా వెళ్లాయి. వెనకవైపు ఎప్పటి భాషల పట్టీయే. అంటే పాకిస్తాన్ పేరుతో మొట్టమొదట చెల్లిన కాగితం డబ్బు మీద విలువ తెలుగు అక్షరాల్లో కూడా ఉంది. పాత నోట్లు సేకరించేవారికి ఇది తెలిసిన సంగతే. మిగతావారికి ఆశ్చర్యంగా ఉండొచ్చు గానీ, ఉన్న ప్లేటునే వాడుకుంటే జరిగేది అదే.

ఈ ముద్ర వెనక లెక్కల అవసరం ఉంది. మామూలు భారత నోటు లాహోరులో ఉన్నా, అమృత్‌సర్‌లో ఉన్నా ఒకేలా ఉంటుంది. మొత్తం చలామణీ 1200 కోట్ల రూపాయలకు పైన. అందులో కొత్త సరిహద్దుకు అవతల ఎంత ఉందో ఎవరూ ఎంచి చెప్పలేరు. ముద్ర వేసిన నోటైతే ఎంత పంపారో ఖాతాలో ఉంటుంది. కాబట్టి ముద్ర నోట్ల మొత్తానికి, పాకిస్తాన్ ప్రజల నుంచి వెనక్కి తీసుకుని రిజర్వ్ బ్యాంకుకు అప్పగించిన మామూలు నోట్ల మొత్తాన్ని కలిపితే పాకిస్తాన్ చలామణీ తేలుతుంది. మొత్తం చలామణీలో అది ఎన్నో వంతో, జారీ విభాగం ఆస్తుల్లో అన్నో వంతు పాకిస్తాన్‌కు. కాగితం మీద ఇంత చక్కని సూత్రం మరొకటి లేదు. కానీ ఇందులోనే ఒక కన్నం ఉంది. గడువు లోపల భారత్ నుంచి ఒక వంద రూపాయల నోటు సరిహద్దు దాటి కరాచీ కౌంటర్‌లో జమ అయితే, దాని వెంట వంద రూపాయల ఆస్తి కూడా దాటుతుంది. అందువల్ల ఎన్ని నోట్లు నిజంగా అక్కడివి, ఏ తేదీ దాకా వచ్చినవి లెక్కలోకి వస్తాయి అన్నది ప్రతి విభజనలోనూ తగవుగా మారుతుంది. గడువు పొట్టిగా పెడితే పల్లెల్లో దాచుకున్నవారు మునుగుతారు, పొడుగ్గా పెడితే నోట్లు అటు నడుస్తాయి.

నోటు పంపిణీకి సంబంధించి మరో చిన్న యంత్రం ఉంది. దాన్ని పట్టించుకోకుండా కేంద్ర బ్యాంకు గురించి మాట్లాడటం దండగ. అదే కరెన్సీ చెస్ట్. జిల్లా ట్రెజరీలోనో ఇంపీరియల్ బ్యాంకు శాఖలోనో ఉండే ఈ పెట్టెలో నోట్లు జారీ విభాగానివి. పెట్టెలో ఉన్నంతసేపూ అవి చలామణీలో లేనట్టే. ట్రెజరీకి జీతాలకు పది లక్షలు కావాలంటే పెట్టె తెరిచి తీస్తారు, ఆ క్షణంలో చలామణీ పది లక్షలు పెరుగుతుంది. సాయంత్రం పన్నులు వసూలై పెట్టెలో పడితే మళ్లీ తగ్గుతుంది. ఊరి నుంచి ఊరికి నోట్ల మూటలు మోయకుండా, ఒకచోట పెట్టెలో వేసి మరోచోట పెట్టెలోంచి తీసి డబ్బు పంపడం కూడా దీనితోనే సాగేది. దేశం విడిపోయినప్పుడు ప్రతి పెట్టెలో ఎంత ఉందో ఒకే తేదీ నాటికి ఎంచి, సంతకాలు పెట్టి, ఖాతా మార్చాలి. ఒక్క పెట్టె సమాచారం ఆలస్యమైనా మొత్తం చలామణీ అంకె తప్పుతుంది. పశ్చిమాన కరాచీ, లాహోరుల్లో రిజర్వ్ బ్యాంకుకు నోట్ల కార్యాలయాలు ఉండటం కొంత మేలు చేసింది. పాకిస్తాన్‌కు తూర్పు భాగమైన తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) పరిస్థితి వేరు, అక్కడి నోట్ల పని కలకత్తా మీద ఆధారపడింది. జనాభా ఎక్కువున్న సగానికి నోటు సరఫరా పొరుగు దేశపు నగరం నుంచి రావాల్సి వచ్చింది. ఢాకా కార్యాలయం కొత్త బ్యాంకుకు మొదటి నుంచీ తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

ఇక అసలు గొడవ నోటుది కాదు, ఖాతాది. కేంద్ర బ్యాంకు ప్రభుత్వానికి బ్యాంకరు కూడా. అవిభక్త భారత ప్రభుత్వ నగదు నిల్వ సుమారు 400 కోట్ల రూపాయలు. దానిలో పాకిస్తాన్ వాటా 75 కోట్లని చివరికి ఒప్పుకున్నారు. రోజువారీ ఖర్చులకు 20 కోట్లు మొదట్లోనే ఇచ్చారు. మిగిలిన 55 కోట్ల మీద 1947 డిసెంబర్‌లో అంగీకారం కుదిరింది, అయినా సొమ్ము కదల్లేదు. కాశ్మీర్‌లో యుద్ధం నడుస్తుండగా ఆ డబ్బు ఇస్తే ఆయుధాలవుతుందని ఢిల్లీ ఆపింది. ఆ నిల్వ రిజర్వ్ బ్యాంకు పుస్తకాల్లో ఉన్నది భారత ప్రభుత్వం పేరు మీద. ఖాతాదారు చెప్పకుండా బ్యాంకరు మరొకరి ఖాతాకు మళ్లించలేడు. బ్యాంకింగ్ సూత్రం ప్రకారం అది సరైనదే. కానీ అదే బ్యాంకరు రెండో ఖాతాదారుకూ బాధ్యుడు. కరాచీ నుంచి చూస్తే, తమ కేంద్ర బ్యాంకే తమ ఖజానా ఎండిపోతుంటే చూస్తూ కూర్చుంది. గాంధీజీ నిరాహార దీక్ష 1948 జనవరి 13న మొదలైంది, 15న భారత ప్రభుత్వం 55 కోట్లు విడుదల చేయాలని నిర్ణయించింది. డబ్బు వెళ్లింది, నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. రిజర్వ్ బ్యాంకు అప్పటికి ఇంకా వాటాదారుల బ్యాంకే, 1949 జనవరి 1న గానీ జాతీయం కాలేదు. వాటాలు ఎవరి చేతిలో ఉన్నా, కేంద్ర బ్యాంకు తాను ఉన్న నేల మీది ప్రభుత్వాన్ని కాదని నిలబడలేదని ఆ నెలలు రుజువు చేశాయి.

ఈ కరువు రోజుల్లోనే హైదరాబాద్ కథ వచ్చి కలుస్తుంది. పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి గులాం మహమ్మద్ అంతకుముందు నిజాం ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూసినవాడు. హైదరాబాద్‌కూ భారత్‌కూ మధ్య పాత సంబంధాలను అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందం మీద 1947 నవంబర్ 29న సంతకాలయ్యాక నిజాం ప్రభుత్వం తన దగ్గరున్న 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ సెక్యూరిటీలను పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. ఇది ఒప్పందానికి విరుద్ధమని ఢిల్లీ తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. రాజకీయం పక్కన పెట్టి బ్యాంకు కోణంలో చూస్తే ఇది విచిత్రమైన సాయం. బాండు అంటే భారత ప్రభుత్వం ఇచ్చిన అప్పు పత్రం. దాన్ని నగదు చేసుకోవాలంటే భారత మార్కెట్‌లోనే అమ్మాలి, పేరు మార్పు భారత్‌లోని అప్పుల కార్యాలయంలోనే నమోదు కావాలి. అప్పుపడినవాడే వద్దంటే చేతిలో మిగిలేది కాగితం. ఆస్తి ఎంతన్నదే కాదు, అది ఎవరి అదుపులో ఉందన్నదీ కేంద్ర బ్యాంకుకు ప్రాణం. సొంత సిక్కా రూపాయి, నోట్లు, 1942లో మొదలైన సొంత స్టేట్ బ్యాంకు అన్నీ ఉన్న హైదరాబాద్‌కు ఈ సంగతి తెలియదనుకోలేం.

సెప్టెంబర్ దాకా ఆగడం ఇక కుదరదని తేలడంతో ఉమ్మడి ఏర్పాటును మూడు నెలలు ముందుకు జరిపారు. 1948 జూన్ 30తో రిజర్వ్ బ్యాంకు బాధ్యత ముగియాలని ఒప్పుకున్నారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ ఉత్తర్వు మే 12న వెలువడింది. తెరవడానికి యాభై రోజులు. మూలధనం 3 కోట్ల రూపాయలు, అందులో 51 శాతం ప్రభుత్వానిది, 49 శాతం ప్రజలకు వాటాలు. రిజర్వ్ బ్యాంకు చట్టాన్నే మూసగా తీసుకుని జారీ విభాగం, బ్యాంకింగ్ విభాగం అనే విడదీతను అలాగే ఉంచారు. దీన్ని అనుకరణ అని తీసిపారేయకూడదు. పెట్టెలు, ఫారాలు, వారపు నివేదికలు, గుమస్తాలకు అలవాటైన పద్ధతులు అన్నీ ఆ చట్టం చుట్టూ అల్లుకున్నవే. యాభై రోజుల్లో వాటిని మార్చడం మొదలుపెట్టి ఉంటే జూలై 1న కౌంటర్ తెరుచుకునేది కాదు.

గవర్నర్‌గా వచ్చిన జాహిద్ హుసేన్ అంతకుముందు ఢిల్లీలో పాకిస్తాన్ హైకమిషనర్. ప్రధాన కార్యాలయానికి తగిన భవనం లేక కరాచీలోని పాత విక్టోరియా మ్యూజియంలో బ్యాంకు పెట్టారు. జిన్నా అప్పటికే బాగా జబ్బుపడి బలూచిస్తాన్‌లో విశ్రాంతి తీసుకుంటున్నారు. కరాచీకి వచ్చి జూలై 1న బ్యాంకును ప్రారంభించారు. ఆర్థిక రంగంలో దేశ సార్వభౌమత్వానికి ఇది గుర్తని ఆయన ఆ సభలో అన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజే సొంత బ్యాంకు పెట్టడం సాధ్యం కాలేదని, నోట్ల జారీ వంటి సున్నితమైన పనికి ముందుగా ఎంతో సన్నాహం కావాలని కూడా చెప్పారు. రెండున్నర నెలల్లోపే, సెప్టెంబర్ 11న ఆయన కన్నుమూశారు.

ఆ రోజు పుస్తకాల్లో జరిగింది ఇది. ముద్ర నోట్లు అంతకుముందు రాత్రి దాకా రిజర్వ్ బ్యాంకు అప్పు, తెల్లారేసరికి స్టేట్ బ్యాంకు అప్పు అయ్యాయి. కరాచీ, లాహోరు కార్యాలయాల్లో వాణిజ్య బ్యాంకులు ఉంచిన నిల్వలు, ప్రభుత్వ ఖాతాలు కొత్త పేరు మీదికి మారాయి. పాకిస్తాన్ కోసమే రూపొందించిన ఐదు, పది, వంద రూపాయల నోట్లు లండన్‌లోని డి లా రూ ప్రెస్ నుంచి వచ్చి అక్టోబర్ 1న విడుదలయ్యాయి. వాటి మీద ఉన్నది బ్యాంకు పేరు కాదు, ప్రభుత్వం పేరు. సంతకం ఆర్థిక మంత్రిది.

ఆస్తుల పంపకంలో బంగారం దగ్గర ఒక మెలిక ఉంది. రిజర్వ్ బ్యాంకు చట్టం ఒక రూపాయికి 8.47512 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తులంలో 180వ వంతు) బంగారం లెక్కన విలువ కట్టేది. అంటే తులం సుమారు 21 రూపాయల 3 అణాల 10 పైలు (అణాలో పన్నెండో వంతు ఒక పై). బజారులో అప్పటి ధర దానికి నాలుగు రెట్లకు మించి ఉంది. అందుకే పుస్తక విలువలో ఒక కోటి రూపాయల బంగారం అందుకోవడానికీ, ఒక కోటి రూపాయల బాండ్లు అందుకోవడానికీ పోలికే లేదు. మొత్తం విలువ సరిపెట్టడం కాకుండా ప్రతి రకం ఆస్తిలోనూ వాటా కోరడం పాకిస్తాన్‌కు ముఖ్యమైంది ఇందుకే. పంపకాల తర్వాత రిజర్వ్ బ్యాంకు దగ్గర మిగిలిన బంగారం పుస్తక విలువ 40.02 కోట్ల రూపాయలు. 40 కోట్లు తగ్గకూడదన్న చట్టానికి రెండు లక్షలు మాత్రమే పైన.

కేంద్ర బ్యాంకు పుట్టింది గానీ దాని కింద బ్యాంకులే కూలిపోతున్నాయి. విభజనకు ముందు ఆ ప్రాంతాల్లో షెడ్యూల్డ్ బ్యాంకుల (కేంద్ర బ్యాంకు జాబితాలో ఉన్న బ్యాంకుల) కార్యాలయాలు 631 ఉండేవి. 1948 జూన్ 30 నాటికి 195 మిగిలాయి. లాహోరులో పుట్టిన పంజాబ్ నేషనల్ బ్యాంకు 1947లోనే ప్రధాన కార్యాలయాన్ని ఢిల్లీకి మార్చుకుంది. ఎదురు దిశలో హబీబ్ బ్యాంకు బొంబాయి నుంచి కరాచీకి వచ్చింది. యజమానులు, మేనేజర్లు, అకౌంటెంట్లు, పెద్ద ఖాతాదారులు వెళ్లిపోయాక శాఖ తలుపు తెరిచి ఉన్నా పని నడవదు. పత్తి పంట చేతికొచ్చే వేళ రైతు దగ్గర కొని, నిల్వ చేసి, ఓడకెక్కించేదాకా అప్పిచ్చేవాడు లేకపోతే నోటు ఎంత ఉన్నా అది పొలానికి చేరదు. అందువల్ల స్టేట్ బ్యాంకుకు మామూలు కేంద్ర బ్యాంకులకు లేని పని మీదపడింది: పర్యవేక్షించడానికి ముందు బ్యాంకులను పుట్టించాలి, గుమస్తాలకు శిక్షణ ఇవ్వాలి.

ఆ లోటు ఎంత ప్రమాదమో 1949లో తేలింది. సెప్టెంబర్‌లో బ్రిటన్ పౌండు విలువను 30.5 శాతం తగ్గించింది. భారత్ కూడా వెంటనే రూపాయిని అంతే తగ్గించింది. పాకిస్తాన్ తగ్గించలేదు. రాత్రికి రాత్రి వంద పాకిస్తాన్ రూపాయలు 144 భారత రూపాయలయ్యాయి. ఆ రేటును భారత్ ఒప్పుకోలేదు, వ్యాపారం స్తంభించింది. తూర్పు బెంగాల్ జనపనార కలకత్తా మిల్లులకు వెళ్లాల్సింది, కొనేవాడు లేక రైతుల దగ్గరే ఉండిపోయింది. దాన్ని కొనడానికి నవంబర్‌లో హడావుడిగా నేషనల్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ పెట్టాల్సి వచ్చింది. కొత్త రేటును భారత్ అంగీకరించింది 1951 ఫిబ్రవరిలో.

విలువ తగ్గించకపోవడంలో అంతగా చర్చకు రాని ఇంకో దెబ్బ స్టేట్ బ్యాంకు పుస్తకాల్లో ఉంది. అంతకుముందు ఒక పౌండుకు సుమారు 13.33 రూపాయలు. ఇప్పుడు పాకిస్తాన్ రూపాయిల్లో సుమారు 9.26. నోట్ల వెనక దన్నుగా ఉన్న ప్రతి పౌండు సొంత రూపాయిల్లో ఆ మేరకు కుంగింది, నోట్ల అప్పు మాత్రం పైసా తగ్గలేదు. అలాంటి గండిని ప్రభుత్వ బాండ్లతో పూడ్చడం తప్ప దారి ఉండదు. అంటే విదేశీ ఆస్తి స్థానంలో సొంత ప్రభుత్వపు అప్పు వచ్చి కూర్చుంటుంది. విలువ నిలపడం గౌరవమని అనుకున్న నిర్ణయం దన్నును పలచన చేసింది. ఆ గౌరవం 1955 జూలై దాకా నిలిచింది, తర్వాత పాకిస్తాన్ కూడా విలువ తగ్గించుకుంది.

పాతికేళ్లు తిరక్కుండానే స్టేట్ బ్యాంకు ఇదే పంపకంలో అవతలి పక్షం అయింది. 1971 జూన్‌లో పాకిస్తాన్ ప్రభుత్వం వంద, ఐదు వందల నోట్లను రద్దు చేసింది. తూర్పున బ్యాంకుల నుంచి వెళ్లిపోయిన డబ్బు తిరుగుబాటుకు చేరుతోందన్నది కారణం. డిసెంబర్ 16న ఢాకాలో యుద్ధం ముగిసింది. 1972 నాటి 127వ రాష్ట్రపతి ఉత్తర్వు స్టేట్ బ్యాంకు ఢాకా కార్యాలయాన్నే బంగ్లాదేశ్ బ్యాంకుగా మార్చి, ఆ మార్పు డిసెంబర్ 16 నుంచే అమల్లో ఉన్నట్టు ప్రకటించింది. ఈసారి ఉమ్మడి కాలం లేదు, పంపకాల కమిటీ లేదు. భవనం, సిబ్బంది, పుస్తకాలు ఢాకాకు దక్కాయి. బంగారం, విదేశీ నిల్వలు కరాచీలో ఉండిపోయాయి. తొలి టాకా నోట్లు 1972 మార్చి 4న వచ్చాయి. అచ్చు వేసింది మళ్లీ నాసిక్‌లోనే. తర్వాత వాటిని వెనక్కి తీసుకున్నారు.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ ఏటా ప్రచురించే ఆస్తి అప్పుల పట్టీలో రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా దగ్గర ఉన్న ఆస్తులు అని ఒక వరుస కనిపిస్తుంది: బంగారం, స్టెర్లింగ్ సెక్యూరిటీలు, భారత ప్రభుత్వ సెక్యూరిటీలు, రూపాయి నాణేలు. పాకిస్తాన్ వాటాగా రావాల్సి ఉండి రానివి అవి. అదే పట్టీలో భారత్, బంగ్లాదేశ్ ప్రభుత్వాల నుంచి రావాల్సిన బాకీలకు ఇంకో వరుస ఉంది.